గాలిని ద్రవంగా మార్చిన జార్జ్ క్లోడ్: డీఏ సిలిండర్ నుంచి జైలు గది దాకా

అడిగిన ప్రశ్న ఇది: "పాలిటెక్నిక్ మెకానికల్ రెండో సంవత్సరం చదువుతున్నాను. వెల్డింగ్ షాపులో డీఏ సిలిండర్‌ని, అంటే ఎసిటిలీన్ గ్యాస్ సిలిండర్‌ని, పడుకోబెట్టి వాడొద్దని మా సారు గట్టిగా చెబుతారు, ఎందుకో చెప్పలేదు. వెతికితే ఆ పద్ధతి కనిపెట్టింది జార్జ్ క్లోడ్ అనే ఫ్రెంచ్ కెమిస్ట్ అని తెలిసింది. ఒకచోట ఆయన్ని 'ఫ్రాన్స్ ఎడిసన్' అన్నారు, ఇంకోచోట దేశద్రోహి అన్నారు. ఆయన మీద సెమినార్ ఇద్దామనుకుంటున్నాను. అసలు ఏం చేశాడాయన? ఆ రెండో మాట నిజమేనా?"

రెండు మాటలూ నిజమే బాబూ. ఒకటి చెప్పి ఇంకోటి దాచే రాతలు ఎక్కువ కాబట్టి మీకు ఆ అయోమయం వచ్చింది. నేను విశాఖ వైపు ఒక ఆక్సిజన్ ప్లాంట్‌లో ముప్పై ఏళ్లు షిఫ్టు డ్యూటీలు చేసి రిటైరయ్యాను. క్లోడ్ పేరు నాకు మొదట కనిపించింది ప్లాంట్ మాన్యువల్‌లో, గాలిని ద్రవం చేసే పద్ధతి పేరుగా, 'క్లోడ్ సైకిల్' అని. మనవాళ్లు ఇంగ్లిష్ పలుకుబడిలో క్లాడ్ అంటారు. ఆ పేరు వెనక మనిషి ఎవరా అని వెతుక్కుంటూ పోతే, వదలకుండా చదివించే జీవితం బయటపడింది. మీ సిలిండర్ దగ్గర్నుంచే మొదలుపెడతాను. ఆయన పేరు బయటికొచ్చింది కూడా దానితోనే.

ఎసిటిలీన్ మహా మొండి గ్యాస్. కార్బైడ్ ముక్క మీద నీళ్లు పోస్తే బుసబుసమని వచ్చేది అదే. 1890ల్లో కరెంటు కొలిమిలో కార్బైడ్ తయారుచేయడం వచ్చాక, యూరప్ అంతా ఎసిటిలీన్ దీపాల మీద పడింది. వెలుగు తెల్లగా, పట్టపగల్లా ఉండేది. చిక్కంతా దాన్ని నిల్వ చేయడంలోనే. ఆక్సిజన్‌ని సిలిండర్‌లో కుక్కినట్టు ఎసిటిలీన్‌ని కుక్కలేం. రెండు అట్మాస్ఫియర్ల ఒత్తిడి దాటితే చాలు, చిన్న నిప్పురవ్వ తగిలినా, కాస్త ఎక్కువ వేడెక్కినా, పక్కన ఆక్సిజన్ లేకపోయినా సరే, కార్బన్‌గా, హైడ్రోజన్‌గా విడిపోయి పేలిపోతుంది. అలా పేలి మనుషులు పోయారు కూడా.

అప్పుడు క్లోడ్‌కి ఇరవై ఆరేళ్లు. ఆల్బర్ట్ హెస్ అనే సహచరుడితో కలిసి ఆయన వేసిన ఆలోచన ఇది: గ్యాస్‌ని గ్యాస్‌లా కుక్కే బదులు దేంట్లోనైనా కరిగిస్తే? సోడాలో గ్యాస్ కరిగి ఉండదూ, అలాగన్నమాట. దానికి సరిపోయే ద్రవంగా అసిటోన్ దొరికింది. మామూలు ఒత్తిడిలో ఒక లీటరు అసిటోన్ సుమారు 25 లీటర్ల ఎసిటిలీన్‌ని తాగేస్తుంది. 12 అట్మాస్ఫియర్ల దగ్గర సుమారు 300 లీటర్లు. అలా కరిగి ఉన్నంతసేపు అది చాలావరకు పేచీ పెట్టదు. 1896-97లో బయటికొచ్చిన ఈ పద్ధతే 'డిజాల్వ్‌డ్ ఎసిటిలీన్', అంటే మీ షాపులో మెరూన్ రంగు సిలిండర్ మీద ఉన్న 'డీఏ' అనే రెండక్షరాలు.

ఇంకో సమస్య మిగిలింది. అసిటోన్ పైన ఖాళీ జాగా ఉంటే అక్కడ ఎసిటిలీన్ మళ్లీ గ్యాస్‌గానే పోగవుతుంది. అందుకని సిలిండర్ మొత్తాన్ని స్పాంజిలాంటి గట్టి పదార్థంతో నింపి, దాని సన్నని రంధ్రాల్లోకి అసిటోన్ పీల్చుకునేలా చేశారు. ఈ రంధ్రాల పదార్థం వైపు దారి చూపింది లీ షాట్లియర్, ఇంటర్ కెమిస్ట్రీలో సమతాస్థితి పాఠంలో మనందరం చదివిన ఆయనే. తర్వాత స్వీడన్‌లో గుస్తాఫ్ డాలెన్ దాన్ని బాగా మెరుగుపరిచాడు. ఆ డాలెన్ 1912లో ఎసిటిలీన్ పేలుడులో చూపు పోగొట్టుకున్నాడు, అదే ఏడాది సముద్రపు లైట్‌హౌస్‌ల దీపాల మీద చేసిన పనికి నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఈ గ్యాస్‌తో పని అంటే ఎలాంటిదో చెప్పడానికి ఆయన పేరు తలవకుండా ఉండలేను.

ఇప్పుడు మీ సారు మాట. సిలిండర్‌ని పడుకోబెట్టి వాల్వ్ తిప్పితే గ్యాస్‌తో పాటు అసిటోన్ కూడా బయటికి వచ్చేస్తుంది. ఒకసారి మా వర్క్‌షాప్‌కి ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి తెచ్చిన సిలిండర్‌ని కొత్తగా చేరిన కుర్రాడు దింపిన వెంటనే టార్చ్‌కి బిగించాడు. మంట రంగు మారి తుంపర తుంపరగా ఉమ్మడం మొదలైంది, రెగ్యులేటర్ దగ్గర అసిటోన్ వాసన గుప్పుమంది. వెంటనే కట్టేశాం కాబట్టి ఏమీ కాలేదు. నష్టం మంట పాడవడంతో ఆగదు. అసిటోన్ తగ్గిపోతే లోపల మిగిలిన ఎసిటిలీన్‌కి కరిగే చోటు తగ్గుతుంది, సిలిండర్ ప్రమాదకరంగా మారుతుంది. పడుకోబెట్టి తెచ్చిన దాన్ని నిలబెట్టి, తక్కువలో తక్కువ రెండు గంటలైనా వదిలేయాలి. ఎక్కువసేపు పడుకుని ఉంటే అంతకంటే ఎక్కువసేపు ఆగాలి. ఒకేసారి మరీ జోరుగా గ్యాస్ లాగడం కూడా కూడదు, అసిటోన్ దానితోపాటే వచ్చేస్తుంది.

ఇక మనిషి సంగతి.

క్లోడ్ 1870 సెప్టెంబర్ 24న పారిస్‌లో పుట్టాడు. పారిస్ నగరం నడిపే పారిశ్రామిక భౌతిక, రసాయన శాస్త్ర పాఠశాలలో చదివి 1889లో బయటికొచ్చాడు. పియర్ క్యూరీ ప్రయోగశాల చూసుకున్న స్కూలు అది, క్యూరీ దంపతులు రేడియం వేరుచేసిన షెడ్డు కూడా అక్కడిదే. పేరులోనే 'పారిశ్రామిక' అన్న మాట ఉంది చూడండి, అక్కడ చదివినవాళ్లకు ల్యాబ్‌కీ ఫ్యాక్టరీకీ మధ్య పెద్ద గోడ ఉండేది కాదు. దార్సన్వాల్ అనే గురువు కూడా ఆయనకి దొరికాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కథ చివర మళ్లీ వస్తుంది. చదువయ్యాక క్లోడ్ కరెంటు కంపెనీల్లో ఉద్యోగాలు చేశాడు. హై టెన్షన్ తీగ దగ్గర ఒకసారి చావు తప్పించుకున్నాడు కూడా.

ఎసిటిలీన్ ఆయన్ని ఆక్సిజన్ వైపు నడిపించింది. కార్బైడ్‌ని చవగ్గా చేయాలంటే ఆక్సిజన్ చవగ్గా కావాలి, ఆక్సిజన్ చవగ్గా కావాలంటే గాలిలోంచే తీయాలి. గాలిలో దాదాపు 21 శాతం ఆక్సిజన్, 78 శాతం నైట్రోజన్. గాలిని ద్రవంగా మారిస్తే, ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర, నైట్రోజన్ మైనస్ 196 దగ్గర మరుగుతాయి. ఆ పదమూడు డిగ్రీల తేడా పట్టుకుని రెంటినీ విడదీయొచ్చు. ముందు గాలిని అంత చల్లబరచాలి, కష్టమంతా అందులోనే ఉంది.

జర్మనీలో కార్ల్ ఫాన్ లిండే 1895లో ఆ పని చేసి చూపించాడు. గాలిని 200 అట్మాస్ఫియర్ల దాకా నొక్కి, సన్నని వాల్వ్ గుండా వదిలేవాడు. అలా వదిలినప్పుడు గాలి కొంచెం చల్లబడుతుంది, ఒక అట్మాస్ఫియర్ తగ్గితే పావు డిగ్రీ చొప్పున. ఆ చల్లగాలితో లోపలికొచ్చే గాలిని చల్లబరిచి, మళ్లీ వదిలి, మళ్లీ చల్లబరిచి, చివరికి ద్రవం చేస్తాడు. పని జరుగుతుంది, కానీ అంత కష్టపడి నొక్కిన గాలిలోని శక్తి వాల్వ్ దగ్గర ఊరికే పోతుంది.

క్లోడ్‌కి గుచ్చుకున్నది అదే. నొక్కిన గాలి చేత పని చేయించుకోవచ్చు కదా అన్నాడు. దాన్ని పిస్టన్ మీదికి వదిలితే, పిస్టన్‌ని నెట్టడానికి తన సొంత వేడినే ఖర్చు పెట్టుకుంటుంది. సైకిల్ పంపు కొడితే వేడెక్కుతుంది కదా, ఇది దానికి సరిగ్గా తలకిందులు. వాల్వ్ గుండా వదిలినప్పటికంటే ఎన్నో రెట్లు చల్లబడుతుంది, 200 అట్మాస్ఫియర్లు అక్కర్లేదు, 40 చాలు. పైగా పిస్టన్ చేసిన పని కంప్రెసర్‌కి సాయంగా తిరిగొస్తుంది.

కాగితం మీద ఇది క్లోడ్ కంటే ముందే కొందరికి తోచింది. బెల్జియంలో సోడా పరిశ్రమకి పేరు తెచ్చిన ఎర్నెస్ట్ సాల్వే ప్రయత్నించి, మైనస్ వందకి దరిదాపుల్లోనే ఆగిపోయాడు. ఎందుకంటే ఆ చలిలో ఆయిల్ రాయిలా గట్టిపడిపోతుంది. ఆయిల్ లేకపోతే పిస్టన్ పట్టేస్తుంది. అందుకే ఈ దారి కుదరదని పెద్దపెద్ద వాళ్లే తేల్చేశారు. క్లోడ్ మొదట పెట్రోలియం ఈథర్‌ని ఆయిల్‌గా వాడాడు, అది ఆ చలిలోనూ గడ్డకట్టదు. తర్వాత అసలు ఆయిలే లేకుండా, జిడ్డు తీసేసిన తోలు ప్యాకింగ్‌తో నడిపాడు. ముప్పై ఏళ్లు సీళ్లతో, గాస్కెట్లతో కుస్తీపట్టిన మనిషిగా చెబుతున్నాను, నాకు ఆయన కనిపెట్టిన వాటన్నిటిలో బాగా నచ్చింది ఆ తోలు ముక్కే. సిద్ధాంతం తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు, పిస్టన్ దగ్గర కూర్చుని దాన్ని జరిగేలా చేసింది ఆయన.

అయినా గాలి ద్రవమయ్యేది కాదు. డబ్బులిచ్చిన స్నేహితులకి ఓపిక తగ్గుతోంది, పెట్టుబడి అయిపోవస్తోంది. పారిస్‌లో ఒక ట్రామ్ డిపో షెడ్డులో ప్రయోగాలు. చివరికి 1902 మే నెలలో ఆయనకి తట్టింది వేరే దారి. గాలిని మెషిన్ లోపలే ద్రవం చేయాలనే పట్టు వదిలేశాడు. పిస్టన్ దగ్గర గాలిని బాగా చల్లబరిచి, ఆ చల్లదనాన్ని బయట గొట్టాల్లో ఉన్న, ఇంకా ఒత్తిడిలోనే ఉన్న గాలికి అందించాడు. ఒత్తిడిలో ఉన్న గాలి మైనస్ 190 దాకా పోనక్కర్లేదు, మైనస్ 140 దాటితే చాలు ద్రవమైపోతుంది. అంతే, గాలి ధారగా కారడం మొదలైంది.

ఆ దృశ్యం ఎలా ఉంటుందో నాకు తెలుసు. షట్‌డౌన్ తర్వాత ప్లాంట్‌ని మళ్లీ చల్లబరచడానికి మాకు ఒకటిన్నర రోజు పట్టేది. కోల్డ్ బాక్స్ అంటే మూడు నాలుగంతస్తుల ఎత్తు రేకుల గది, లోపల పైపుల చుట్టూ చలి బయటికి పోకుండా పెర్లైట్ పొడి తెల్లగా పేలాల్లా నింపి ఉంటుంది. లోపల ఏం జరుగుతోందో కంటికి కనపడదు. నొక్కిన గాలి చేత పని చేయించి చల్లబరిచే ఎక్స్‌పాండర్ ఈల వేస్తూనే ఉంటుంది, ఉష్ణోగ్రతలు ఒక్కో డిగ్రీ దిగుతుంటాయి, లెవెల్ చూపించే ముల్లు మాత్రం సున్నా దగ్గరే. రాత్రి రెండింటికో మూడింటికో ఆ ముల్లు సన్నగా వణుకుతుంది. 'వచ్చిందిరా' అని ఎవరో ఒకరు అరుస్తారు. తెల్లారాక శాంపిల్ తీస్తే గ్లాసు ఫ్లాస్కులో లేత నీలం రంగులో లిక్విడ్ ఆక్సిజన్, పైన పొగమంచు. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాలేదు. మామూలుగా మనం పీల్చే గాలే అది.

ఆ 1902లోనే నవంబర్‌లో, తనతో పాటు అదే స్కూల్లో చదివిన పాల్ దెలోర్మ్ 24 మంది వాటాదారుల్ని కూడగట్టి ఎయిర్ లిక్విడ్ కంపెనీ పెట్టాడు. దెలోర్మ్ వ్యాపారం చూసుకున్నాడు, క్లోడ్ మెషిన్లు చూసుకున్నాడు. ఆ కంపెనీ ఈనాటికీ ప్రపంచంలో పెద్ద గ్యాస్ కంపెనీల్లో ఒకటి. న్యాయంగా చెప్పాలంటే, స్వచ్ఛమైన ఆక్సిజన్, నైట్రోజన్ రెండూ ఒకేసారి తీసే డబుల్ కాలమ్ లిండేది. పిస్టన్ స్థానంలో అల్ప పీడనపు టర్బైన్ తెచ్చి దారి మార్చింది రష్యావాడైన కాపిట్సా. నేటి ప్లాంట్ ఈ ముగ్గురి పనీ కలిసినది. సెమినార్‌లో లిండే పేరు వదిలేస్తే మీ సారు పట్టుకుంటారు.

ఇలా తీసిన ఆక్సిజన్ ఎక్కడికి పోతుందంటే, స్టీల్ ప్లాంట్‌లో ఇనుముని ఉక్కు చేసే కన్వర్టర్‌లోకి ఊదేది టన్ను ఉక్కుకి సుమారు 50 క్యూబిక్ మీటర్లు. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ రెండో వేవ్‌లో దేశంలో మొట్టమొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ లోడ్ అయ్యింది మన విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలోనే. ట్యాంకర్లు రైలు మీద ఎక్కి మహారాష్ట్రకి వెళ్లాయి. ఆ రోజు టీవీలో ఆ ట్యాంకర్ల మీద మంచు పట్టి ఉండటం చూసి నాకు కళ్లు తడిశాయి. లోపలున్న ద్రవం ఎలా వస్తుందో తెలిసినవాడికి అది ఊరికే ట్యాంకర్‌లా కనపడదు.

ఇక్కడ ఒక్క విషయం పక్కకి వెళ్లి చెప్పాలి. ఆక్సిజన్ ప్లాంట్ వాళ్లం దేనికి ఎక్కువ భయపడతామో తెలుసా? ఎసిటిలీన్‌కే. లోపలికి పీల్చిన గాలిలో అణుమాత్రం ఎసిటిలీన్ ఉన్నా అది లిక్విడ్ ఆక్సిజన్‌లో గడ్డలుగా పేరుకుంటుంది. అక్కడ పేలితే కోల్డ్ బాక్సే లేచిపోతుంది. అందుకే గాలి పీల్చే చోటికి దగ్గర్లో గ్యాస్ కటింగ్ చేయనివ్వం, లిక్విడ్ శాంపిల్ తీసి ఎసిటిలీన్ ఉందా అని పరీక్షిస్తూనే ఉంటాం. క్లోడ్ మొదటి గ్యాస్, రెండో గ్యాస్ టార్చ్ మొన దగ్గర మాత్రమే కలవాలి, ఇంకెక్కడా కలవకూడదు.

నియాన్ గురించి మీరు తప్పకుండా చెప్పాలి. 1898లో లండన్‌లో రామ్సే, ట్రావర్స్ దాన్ని కనిపెట్టారు. లక్ష లీటర్ల గాలిలో రెండు లీటర్లకంటే తక్కువే ఉంటుంది, కాబట్టి ల్యాబ్‌లో వింతగానే మిగిలిపోయింది. కానీ గాలిని టన్నుల్లెక్కన ద్రవం చేసేవాడి దగ్గర సంగతి వేరు. నియాన్ మైనస్ 246 దాకా ద్రవం కాదు. నైట్రోజన్ ద్రవమయ్యే చోట అది ద్రవం కాకుండా పైన పోగుపడి, నైట్రోజన్ పనికి అడ్డుతగులుతుంది. మేం కూడా కండెన్సర్ పైనుంచి దాన్ని అప్పుడప్పుడు బయటికి వదిలేసేవాళ్లం. ఆ వదిలేసే గ్యాస్‌ని క్లోడ్ పట్టుకున్నాడు.

గ్యాస్ నింపిన గాజు గొట్టంలో కరెంటు పంపి వెలుగు తెప్పించడం అప్పటికే ఉంది. అమెరికాలో మూర్ అనే ఆయన నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ గొట్టాలు చేశాడు. అవి నడుస్తున్నకొద్దీ గ్యాస్ ఖర్చయిపోయేది. నియాన్ దేనితోనూ కలవదు కాబట్టి ఖర్చవదు, కానీ రవ్వంత వేరే గ్యాస్ కలిసినా రంగు చచ్చిపోతుంది. క్లోడ్ రెండు పనులు చేశాడు. ద్రవ గాలిలో ముంచి చల్లబరిచిన బొగ్గు చేత ఆ మలినాలన్నీ పీల్పించేశాడు. ఎలక్ట్రోడ్లని పెద్దవిగా చేసి, అవి తొందరగా అరిగిపోకుండా చూశాడు. ఈ ఎలక్ట్రోడ్ మీద 1915లో అమెరికా పేటెంట్ వచ్చింది, దాంతోనే ఆయనకి కోట్లు గడించే దారి పడింది.

1910 డిసెంబర్‌లో పారిస్ మోటార్ షోలో, గ్రాండ్ పాలే భవనంలో, పన్నెండు మీటర్ల పొడవున్న రెండు గొట్టాలు ఎర్రగా వెలిగాయి. క్లోడ్ ఆశ గదుల్లో దీపాలుగా వాడాలని. కానీ ఆ ఎర్రటి వెలుగులో మొహాలు బాగుండవు, ఇంట్లో ఎవరు పెట్టుకుంటారు? జాక్ ఫోన్సెక్ అనే సహచరుడు అది ప్రకటనల బోర్డులకి పనికొస్తుందని పసిగట్టాడు. 1912లో పారిస్‌లో ఒక క్షౌరశాల మీద మొదటి నియాన్ బోర్డు వెలిగింది. అక్కడినుంచి ఆ ఎర్ర గీత సినిమా హాళ్ల మీదికీ, హోటళ్ల మీదికీ, మన ఊళ్ల లాడ్జీల మీదికీ వచ్చింది. ఒక హెచ్చరిక: ఇప్పుడు పెళ్లి డెకరేషన్‌లో, కాఫీ షాపుల్లో నియాన్ అని అమ్మేవాటిలో నియాన్ గ్యాస్ ఉండదు, అవి ప్లాస్టిక్ గొట్టంలో పెట్టిన ఎల్ఈడీలు. ఆ ఫోటో పెట్టి నియాన్ అనకండి.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమ్మోనియా తయారీలోకీ దిగాడు. జర్మనీ హేబర్ పద్ధతిలో 200 అట్మాస్ఫియర్లు వాడితే, ఈయన ఏకంగా వెయ్యికి దగ్గరగా వెళ్లాడు. అంత ఒత్తిడికి పైపులు తట్టుకోవని అందరూ అంటుంటే నడిపి చూపించాడు. 1924లో ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ ఆయన్ని సభ్యుడిగా ఎన్నుకుంది. యాభై నాలుగేళ్ల వయసు, డబ్బుంది, పేరుంది. ఇంకొకరైతే అక్కడితో సుఖంగా కూర్చునేవారు.

ఆయన సముద్రం మీద పడ్డాడు.

గురువు దార్సన్వాల్ 1881లోనే రాసిన ఆలోచన ఇది. వేడి సముద్రాల్లో పైనీళ్లు 25 నుంచి 28 డిగ్రీలు ఉంటాయి, కిలోమీటరు లోతున 5 డిగ్రీలు. ఈ తేడాతో ఇంజన్ నడపొచ్చు. క్లోడ్ దాన్ని ఇంకా సులువు చేశాడు. గాలి తీసేసిన గిన్నెలో 25 డిగ్రీల నీళ్లు కూడా మరుగుతాయి, మంట అక్కర్లేదు. ఆ ఆవిరి టర్బైన్ తిప్పి, అడుగునుంచి తోడిన చల్లనీళ్ల దగ్గర మళ్లీ నీరవుతుంది. 1926లో పాల్ బూషెరోతో కలిసి అకాడమీ సభ్యుల ముందు గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కు ఒకటి, ఐసు ముక్కల ఫ్లాస్కు ఒకటి, మధ్యలో చిన్న టర్బైన్ పెట్టి బల్బులు వెలిగించాడు. తర్వాత బెల్జియంలో ఊగ్రే అనే చోట ఉక్కు ఫ్యాక్టరీ పారబోసే వేడినీళ్లతో, పక్కనే ఉన్న మ్యూజ్ నది చల్లనీళ్లతో పెద్ద టర్బైన్‌ని నడిపాడు.

అసలు పరీక్ష క్యూబాలో, మతాంజాస్ అఖాతం దగ్గర. సుమారు రెండు కిలోమీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు దాటిన వెడల్పు ఉన్న ఇనుప పైపుని సముద్రంలోకి దించాలి. మొదటి పైపు పోయింది. రెండోదీ పోయింది. ఖర్చంతా సొంత డబ్బే. 1930లో మూడోది నిలబడింది, బెల్జియం నుంచి తెచ్చిన టర్బైన్ తిరిగింది, 500 వాట్ల బల్బులు నలభై వెలిగాయి. వచ్చింది సుమారు 22 కిలోవాట్లు. నీళ్లు తోడే పంపులకి దానికంటే ఎక్కువ కరెంటు పట్టింది. కొద్ది రోజులకే ఆ పైపు కూడా సముద్రం పాలైంది. అయినా ఆగలేదు. టునీజీ అనే పదివేల టన్నుల సరుకు ఓడలో యంత్రాలు బిగించి, బ్రెజిల్ తీరానికి తీసుకెళ్లి, ఆ కరెంటుతో ఐసు చేసి రియోలో అమ్ముదామనుకున్నాడు. అక్కడా పైపే దెబ్బతీసింది. అలల దెబ్బకి నిలవలేదు. నియాన్ మీద సంపాదించిందంతా ఇందులోనే హరించుకుపోయింది.

ఇది పిచ్చి అని కొందరు రాస్తారు. నేను ఒప్పుకోను. మన దేశంలోనే చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తూత్తుకుడి దగ్గర ఒక మెగావాట్ ప్లాంట్‌ని బార్జ్ మీద కట్టి, చివరికి ఆ లోతు పైపు దించే దగ్గరే ఆగిపోయింది. డెబ్బై ఏళ్ల తర్వాత కూడా చిక్కు అదే చోట ఉంది. కానీ అదే సంస్థ 2005లో లక్షద్వీప్‌లోని కవరత్తిలో రోజుకి లక్ష లీటర్ల మంచినీళ్లిచ్చే ప్లాంట్ పెట్టింది. పైనీళ్లని తక్కువ ఒత్తిడిలో ఆవిరి చేయడం, లోతు నీళ్లతో ఆ ఆవిరిని చల్లబరచడం, అంతే. టర్బైన్ లేదు, కానీ క్లోడ్ 1926లో బల్ల మీద పెట్టి చూపించినదే అది. ఆ దీవి జనం ఇప్పుడు ఆ నీళ్లు తాగుతున్నారు.

మీ ప్రశ్నలో అసలు కష్టమైన భాగానికి వచ్చాను.

క్లోడ్‌కి 1930ల నాటికే పార్లమెంట్ పద్ధతి మీద నమ్మకం పోయింది, రాచరికం కోరే అతివాద పక్షం వైపు వెళ్లాడు. 1940లో జర్మనీ ఫ్రాన్స్‌ని ఆక్రమించింది. క్లోడ్ నాజీ జర్మనీతో కలిసి నడవాలని కరపత్రాలు రాశాడు, ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు, దానికోసం ఏర్పడ్డ సంఘంలో ముందు నిలబడ్డాడు, జర్మనీకి లొంగి నడిచిన విషీ ప్రభుత్వపు జాతీయ మండలిలో సభ్యుడయ్యాడు. ఎవరో మెడ మీద కత్తి పెట్టి చేయించింది కాదు. డెబ్బై ఏళ్ల వయసులో, ఎంతో పేరున్న శాస్త్రవేత్తగా, ఆ పేరునే అందుకు వాడాడు. 1944లో అరెస్టు చేశారు, అకాడమీ నుంచి తీసేశారు. 1945లో కోర్టు జీవిత ఖైదు వేసింది. జర్మన్ల వీ-1 ఎగిరే బాంబు తయారీలో సాయం చేశాడనే ఆరోపణ నిలబడలేదు, ఆ విషయంలో నిర్దోషిగా తేల్చారు. కాబట్టి మీ సెమినార్‌లో 'హిట్లర్‌కి బాంబులు చేసిపెట్టాడు' అని మాత్రం అనకండి, అది తప్పు. ప్రచారం చేసిన నేరం మాత్రం రుజువైంది.

'అప్పటి పరిస్థితులు అలాంటివి, పెద్దాయన తెలియక చేశాడు' అని సర్దిచెప్పేవాళ్లకి నేను పాల్ లాంజెవిన్ పేరు చెబుతాను. దాదాపు అదే రోజుల్లో అదే స్కూల్లో చదివాడు, తర్వాత దానికే డైరెక్టరయ్యాడు. క్వార్ట్జ్ పలకతో నీళ్లలోకి అల్ట్రాసౌండ్ పంపి, జలాంతర్గాముల్ని పట్టే సోనార్‌కి పునాది వేసింది ఆయనే. 1940 అక్టోబర్‌లో నాజీలు లాంజెవిన్‌ని అరెస్టు చేశారు. ఆయన అల్లుడు జాక్ సొలొమాన్, అతనూ భౌతిక శాస్త్రవేత్తే, 1942లో జర్మన్ల తుపాకులకి బలయ్యాడు. కూతురు ఎలెన్‌ని ఆష్విట్జ్‌కి పంపారు, ప్రాణాలతో తిరిగొచ్చింది. ఒకే బడి గోడల మధ్య నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకరి ఇల్లు అలా అయిపోతుంటే, ఇంకొకరు సభల్లో జర్మనీని పొగుడుతూ ఉన్నారు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు రెండు పూటలు మనసు మనసులో లేదు. అప్పటిదాకా ఆ మాన్యువల్‌లో పేరు చూసినప్పుడల్లా గురువుని చూసినట్టే ఉండేది.

నాకు ఇప్పటికీ ఆయన ఎక్స్‌పాండర్ అంటే గౌరవమే, ఆయన 1940 తర్వాత చేసిన పని అంటే రోతే. ఒకదానితో ఇంకోదాన్ని కొట్టేయడం నా వల్ల కాలేదు. మీరు కూడా అలా కొట్టేయొద్దు. పది నిమిషాల సెమినార్ అయితే కనీసం రెండు నిమిషాలు ఈ భాగానికి ఉంచండి, లాంజెవిన్ పేరుతో సహా.

నాలుగైదేళ్లు జైల్లో ఉన్నాక, వయసునీ, శాస్త్రంలో చేసిన పనినీ చూసి ఆయన్ని వదిలేశారు. అప్పటికి ఎనభైకి దగ్గర పడ్డాడు. 1960 మే 23న పారిస్ పక్కన సెంట్ క్లౌడ్‌లో, ఎనభై తొమ్మిదేళ్ల వయసులో పోయాడు.

'ఫ్రాన్స్ ఎడిసన్' అన్న మాట నాకు అంతగా నచ్చదు. ఎడిసన్ దగ్గర పెద్ద బృందం, వంద దారులు. క్లోడ్‌ది నాకు కనిపించినంతవరకు ఒకటే చూపు, అందరూ వదిలేసేదాని మీద కన్నేయడం. వాల్వ్ దగ్గర పోయే శక్తి, కండెన్సర్ పైన పోగయ్యే నియాన్, ఫ్యాక్టరీ పారబోసే వేడినీళ్లు, ఎండకి ఊరికే వెచ్చబడే సముద్రం. ఈ వరస పట్టుకుంటే సెమినార్ దానంతటదే కుదురుతుంది, తేదీలు బట్టీ పట్టక్కర్లేదు.

ఇంకోటి, స్లైడ్లు ఎన్ని పెట్టినా ఒక్క ప్రయోగం చూపించండి. మెడికల్ షాపులో 50 మిల్లీలీటర్ల సిరంజి తెచ్చుకోండి, సూది వద్దు. చెయ్యి పెడితే సుర్రుమనేంత వేడి నీళ్లు పావు వంతు పీల్చండి, లోపల గాలి లేకుండా చూసుకోండి. మూతి దగ్గర వేలితో గట్టిగా మూసి, ప్లంజర్‌ని వెనక్కి లాగి పట్టుకోండి. స్టవ్ లేదు, మంట లేదు, సిరంజిలో నీళ్లు తెర్లుతాయి. ముందు వరసలో వాళ్ల చేతికే ఇచ్చి లాగమనండి.